ఇంటికీ ఒక ఉప్పుటేరు కావాలి



క్రిస్మస్ దగ్గరపడితే మన విచారణల్లో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే సందడి. బూజులు దులపడం, గోడలకు సున్నమో రంగో వేయడం, అటక మీది సామాను దించి తుడిచి మళ్ళీ ఎక్కించడం. పండుగనాటికి ఇల్లు అద్దంలా ఉంటుంది. తపస్సు కాలం వచ్చేసరికి మాత్రం మంచం కింద మూటలు, కుర్చీ మీద బట్టల గుట్ట, ఫ్రిజ్ మీద మందుల కవర్లు, ఇంటి పక్క సందులో పాత టైర్లు ఎప్పటిలాగే దర్శనమిస్తాయి. ఇల్లాలికి బద్ధకమా అంటే కాదు. ఆమె రోజూ ఊడుస్తూనే ఉన్నది, సర్దుతూనే ఉన్నది. మరి లోపం ఎక్కడ?

దీనికి జవాబు మన కొల్లేరులోనే ఉన్నది. తమ్మిలేరు, బుడమేరు, ఇంకా ఎన్నో కాలువలు, డ్రెయిన్లు కొల్లేటిలోకి నీరు తెస్తాయి. సరస్సు నుండి సముద్రానికి నీరు వెళ్ళే దారి మాత్రం ఒక్కటే, అది సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించే ఉప్పుటేరు. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒకటి. ఆ దారిలో పూడిక చేరినా, సరస్సులో గట్లు లేచినా లంక గ్రామాల ఇళ్ళలోకి నీరు వస్తుంది. మన ఇంటి సంగతీ ఇంతే. వస్తువులు వచ్చే దారులు ఎన్నో ఉన్నాయి. పోయే దారి గురించి మనం ఆలోచించడం లేదు.

వచ్చే దారులు ఒకసారి లెక్కపెట్టండి. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో పెట్టిన చీరలు, పంచెలు, స్టీలు గిన్నెలు వస్తాయి. కువైట్ వెళ్ళిన ఆడపడుచు పంపిన పెద్ద పెద్ద అట్టపెట్టెల్లో మందపాటి దుప్పట్లు వస్తాయి, మన ఎండలకు అవి ఎన్నాళ్ళు కప్పుకుంటాం? చెరువులున్న వారికి ఖాళీ మేత సంచులు, పాత వలలు పేరుకుంటాయి. ఇప్పుడు సెల్‌ఫోనులో వేలితో నొక్కితే పార్సిల్ గుమ్మంలోకే వస్తున్నది. ఇన్ని వైపుల నుండి వస్తుంటే, ఏడాదికి ఒకసారి సర్దితే ఏం నిలుస్తుంది? సర్దడమంటే ఉన్న నీటిని ఒక మూల నుండి ఇంకొక మూలకు తోడి పోయడమే.

పోనీ, ఒక్కసారిగా అన్నీ పారవేస్తే? దీనికీ కొల్లేరే సాక్ష్యం. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో ప్రభుత్వం పెద్దఎత్తున చేపల చెరువుల గట్లు కొట్టించింది. ఆ తరువాతి ఏళ్ళలో చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. గట్టు పడగొట్టడానికి కొన్ని రోజులు చాలు, కాని దాని వెనుక ఉన్న బ్రతుకు తీరు అలాగే ఉంటే గట్టు తిరిగి వస్తుంది. ఇంటిలోనూ అలవాటు మారకుండా చేసిన పెద్ద శుభ్రత అటువంటిదే.

మంచి గుణం ఒక్క పనితో రాదని, అదే పని మళ్ళీ మళ్ళీ చేయడం వలన మనిషిలో స్థిరపడుతుందని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ బోధించాడు. జపాను కర్మాగారాల్లో పని స్థలాన్ని క్రమంగా ఉంచడానికి అయిదు మాటలు నేర్పుతారు. అందులో మొదటిది 'సెయిరి', అంటే అక్కర ఉన్నది, లేనిది వేరుచేయడం. చివరిది 'షిట్సుకే', అంటే క్రమశిక్షణ. వేరుచేయడంతో మొదలై అలవాటుతో ముగుస్తుందన్నమాట. మనమూ ఆ వరుసలోనే వెళ్దాం.

మొదటిది, వేరుచేయడం. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు మనకందరికీ తెలిసినదే. కుళ్ళిన ఉల్లిని ఏరి తీయకపోతే బస్తా అంతా పాడవుతుందని ఆ వ్యాపారం చేసేవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఇంట్లో కూడా ఒక్క అర, ఒక్క పెట్టె తీసుకుని మూడు భాగాలు చేయండి: మనం వాడేవి, మరొకరికి పనికొచ్చేవి, ఎవరికీ పనికిరానివి. ఇల్లంతా ఒక్కరోజే దించితే సాయంత్రానికి అలసిపోయి అన్నీ తిరిగి అటకెక్కిస్తారు. గడువు దాటిన మందులు ఇతరులకు ఇవ్వవద్దు, కాలువలో వేయవద్దు. పాడైన సెల్‌ఫోన్లు, బ్యాటరీలు చెత్తతో కలిపి కాల్చవద్దు.

రెండవది, కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి రిపోర్టులు, జ్ఞానస్నాన, వివాహ ధ్రువపత్రాలు ఒకే పెట్టెలో, ప్లాస్టిక్ కవరులో, ఎత్తైన చోట ఉండాలి. లంకల్లో నీరు వచ్చే రాత్రి, లేక తాతగారిని హఠాత్తుగా ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళే రాత్రి, పాత కరెంటు బిల్లుల గుట్టలో వెదికే వ్యవధి ఉండదు. ఆ పెట్టె ఎక్కడున్నదో ఇంటిల్లిపాదికీ తెలియాలి.

మూడవది, రాకకు తగిన పోక. కొత్త చీర బీరువాలోకి వస్తే పాత చీర ఒకటి బయటకు రావాలి. కొత్త గిన్నె వస్తే వాడనిది ఒకటి పోవాలి. అంతకంటె ముందు, కొనేటప్పుడే 'దీనిని ఎక్కడ పెడతాం?' అని అడగండి. చోటు చెప్పలేకపోతే ఆ వస్తువు అక్కర లేదన్నమాటే.

నాలుగవది, వారానికి ఒక గడియ. మన రాష్ట్రంలో ఆరోగ్య సిబ్బంది శుక్రవారాన్ని 'డ్రై డే'గా పాటించమంటారు. దానికి కారణమున్నది. డెంగీని వ్యాపింపజేసే దోమ పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన బకెట్లలో నిలిచిన నీటిలోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు దోమగా మారడానికి సుమారు ఒక వారం నుండి పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి నీరు పారబోస్తే ఆ గొలుసు తెగుతుంది. పనికిరాని సామాను గుట్టల్లో ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. అందుచేత ఇది అందం కోసం మాత్రమే చెప్పే మాట కాదు. శుక్రవారం మనకు త్యాగదినం కూడా. ఆ రోజు అరగంట టీవీ మాని, ఇంటి లోపల ఒక అర, ఇంటి బయట ఒక మూల చూసుకోండి.

'ఇల్లు చూసి ఇల్లాలిని చూడు' అన్న సామెత చెప్పి ఈ భారమంతా స్త్రీల మీద వేయడం న్యాయం కాదు. వస్తువులు తెచ్చేది అందరు, తీసేది ఒక్కరా? తండ్రి తన పనిముట్లు, పిల్లలు తమ పుస్తకాలు, బట్టలు తామే చూసుకోవాలి. మొక్కై వంగనిది మానై వంగదు కదా.

ఇంకొక సున్నితమైన విషయం. మన పెద్దలు దేనినీ పారవేయనివ్వరు. వారిని పిసినారులని అనకండి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 1986 ఆగస్టులో గోదావరి వరద చూసిన తరం వారిది. చేతిలో ఉన్నది ఒక్క పూటలో పోవచ్చునని వారికి తెలుసు. అందుకే తాడుముక్కను కూడా దాస్తారు. మామ్మగారు దివ్యబలి పూజకు వెళ్ళినప్పుడు కోడలు ఆమె ట్రంకు పెట్టె ఖాళీ చేస్తే ఇల్లు శుభ్రపడవచ్చు గాని మనసులు విరుగుతాయి. ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్కటి తీసి చూపించండి, దాని కథ చెప్పనివ్వండి. ఏది ఉంచాలో, ఏది ఎవరికి ఇవ్వాలో ఆమెనే చెప్పమనండి. గతించినవారి బట్టలైనా అంతే. నాన్నగారి కండువా ఒకటి జ్ఞాపకంగా ఉంచుకుని, మిగిలిన చొక్కాలు కట్టుకునేవారికి ఇస్తే ఆయన మీద ప్రేమ తగ్గదు.

నాలుగవ శతాబ్దంలో కైసరయ పీఠాధిపతిగా ఉన్న పునీత బసీలు, లూకా సువార్త 12వ అధ్యాయంలోని ధనికుని కొట్ల ఉపమానం మీద ప్రసంగిస్తూ, మన పెట్టెలో వాడక లేకుండా ఉన్న వస్త్రం నిజానికి బట్ట లేనివానిదే అన్న భావం చెప్పారు. ఆ మాట ధనికులకే అనుకోకండి. కువైట్ దుప్పటి నాలుగేళ్ళుగా కట్ట విప్పకుండా ఉన్నదంటే, డిసెంబరు చలిలో గుడి అరుగు మీద పడుకునేవానిది అది. 1833లో పారిస్‌లో మొదలైన పునీత విన్సెంట్ దె పాల్ సభ మీ విచారణలో ఉంటే వారికి అందజేయండి. లేనిచోట ఉపదేశిగారిని అడగండి, ఎవరికి ఏది అక్కరో వారికి తెలుసు. ఒక్క మాట గుర్తుంచుకోండి: చిరిగినది, మాసినది ఇచ్చి దానమనకూడదు. మీ తోబుట్టువుకు ఇవ్వగలిగినదే పేదవానికి ఇవ్వండి, ఉతికి, మడతపెట్టి ఇవ్వండి.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు పనులు చేయండి. కాగితాల పెట్టె సిద్ధం చేయండి. ఇంటి చుట్టూ నీరు నిలిచే పాత సామాను తీసివేయండి. గుమ్మం దగ్గర ఒక సంచి వ్రేలాడదీసి, ఇవ్వదగినది కనిపించినప్పుడల్లా అందులో వేయండి. ఆ సంచి నెలకొకసారి నిండి బయటకు వెళ్తుంటే మీ ఇంటి ఉప్పుటేరు పారుతున్నట్టే. వచ్చే క్రిస్మస్‌కు అటక దించే పని సగానికి తగ్గుతుంది.