పాస్ట్రమీ వేడిగా తిను, చిన్నా

ఎడిసన్, న్యూ జెర్సీ

ప్రియమైన చిన్నాకు,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు బాగానే ఉంది, జలుబు తగ్గినట్టుంది, కానీ మాటల మధ్యలో నవ్వుతూ అనేసిన ఒక సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదురా. కాస్ట్‌కోలో పాస్ట్రమీ జంట ప్యాకెట్టు కొన్నావట, రూమ్మేట్లు పడుకున్నాక ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ వెలుతురులోనే నిలబడి, చల్లటి ముక్కలు తెల్ల బ్రెడ్డులో పెట్టుకుని, పైన కెచప్ పోసుకుని తినేస్తున్నావట. చల్లగా తిన్నందుకు కొంచెం, కెచప్ పోసినందుకు ఇంకొంచెం కోపమొచ్చిన మాట నిజమే. అయితే అవి రెండూ మందలిస్తే పోయేవి. అర్ధరాత్రి, నిలబడి, ఒక్కడివే తిన్నావన్నది మాత్రం లోపలికి దిగి కూర్చుంది. మీ అమ్మకు చెప్పలేదులే, చెబితే అది గుంటూరులో కూర్చుని ఏడుస్తుంది. రిటైరైన నర్సుకు పొద్దున్నే లేచి ఉత్తరం రాయడం కన్నా పనేముంది కనక, నేనే రాస్తున్నాను.

ఆ ముక్క అంచున నల్లగా, బరకగా అంటుకుని ఉంటుందే, అది మాడు అనుకుని గీకేశానన్నావు చూడు, అది మిరియాలూ ధనియాలూరా! పచ్చి కండను వెల్లుల్లి, పంచదార, నైట్రైట్ ఉప్పు కలిపిన ఉప్పునీళ్ళలో రోజుల తరబడి ఊరేసి, తీసి, దంచిన మిరియాలూ ధనియాలూ దట్టంగా పట్టించి, పొగ పెట్టి, చివరికి ఆవిరి మీద మెత్తబడేదాకా ఉంచితే అది పాస్ట్రమీ అవుతుంది. ఉడికిన తర్వాత కూడా గులాబీ రంగులోనే ఉండేది ఆ నైట్రైట్ వల్ల, పచ్చిగా ఉందేమోనని భయపడకు. పక్కనే కార్న్‌డ్ బీఫ్ అని ఇంకోటి అమ్ముతారు, దాన్నీ ఇలాగే ఊరేస్తారు గానీ పొగ పెట్టరు, మిరియాల పూత ఉండదు. న్యూయార్క్‌లో కాట్జ్ డెలీ అనే సాండ్‌విచ్ కొట్టు వాళ్ళు కండను నెల రోజుల దాకా ఊరేస్తామని చెప్పుకుంటారు, ఫ్యాక్టరీల్లో సూదులతో ఉప్పునీళ్ళు ఎక్కించి రెండు రోజుల్లో పని ముగిస్తారు, నీ ప్యాకెట్టుకూ ఆ కండకూ ఉన్న తేడాలో సగం అక్కడే ఉంది. మిగతా సగం నీ చేతిలోనే ఉంది, అది తర్వాత చెబుతాను.

దీన్ని ఈ దేశానికి తెచ్చింది రొమానియా నుంచి వచ్చిన యూదులు, 19వ శతాబ్దం చివరి రోజుల్లో. వాళ్ళ ఊళ్ళో పెద్ద బాతు మాంసంతో చేసుకునేవాళ్ళు, ఇక్కడికొచ్చాక బాతు కన్నా గొడ్డు పొట్ట కింది కండ చవక కావడంతో దానికి మారారు. చవక కండ గట్టిగా ఉంటుంది, కొవ్వు ఎక్కువ ఉంటుంది, దాన్ని ఉప్పుతో నిలవ చేసి, పొగతో వాసన పట్టించి, ఆవిరితో లొంగదీశారు. ఐస్‌పెట్టెలూ ఫ్రిజ్‌లూ లేనివాళ్ళ తెలివి అది. ఇది చదువుతుంటే నీకు మీ అమ్మమ్మ గుర్తు రావాలి, వచ్చిందో లేదో. నరసరావుపేట పక్కన మా పేటలో, ఎండాకాలం ఆదివారం గుడి నుంచి వచ్చాక, పెద్దకూర తెచ్చిన రోజున అమ్మమ్మ సగం వండి, సగాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేది. ఆ తునకలకు కాకుల కాపలా మీ అమ్మది, తన కన్నా పొడుగైన కర్ర పట్టుకుని కూర్చునేది, మధ్యలో ఆకలేస్తే ఇంకా ఎండని ముక్క తుంచుకుని నోట్లో వేసుకునేది, అడిగితే కాకి ఎత్తుకుపోయిందనేది. వానాకాలం పనుల్లేని రోజుల్లో ఆ తునకల్ని నిప్పుల మీద కాల్చి, రోట్లో నలగ్గొట్టి, గోంగూరలో వేసి వండితే, ఇంట్లో ఏమీ లేదన్న మాట మాకు తెలియకుండానే ఆ రోజులు దాటించేసేది మా అమ్మ. పక్కింట్లో పొయ్యి వెలగలేదని తెలిస్తే ఒక గిన్నె అటు పంపేది, పంపానని చెప్పేది కాదు, ఖాళీ గిన్నె తిరిగొచ్చినప్పుడు మాకు తెలిసేది.

అదే కూర క్యారేజీలో పెట్టుకుని హైస్కూలుకు వెళ్ళినప్పుడు మాత్రం నేను మూత సగమే తీసి, ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని తినేదాన్ని. ఎవరూ ఏమీ అనక ముందే ఆ చెయ్యి దానంతటదే అడ్డం వెళ్ళేది. నిన్న నువ్వు ఫ్రిజ్ తలుపు సంగతి చెబుతుంటే నాకు ఆ చెయ్యే కనిపించింది చిన్నా, ఇంకేం చెప్పను.

1984లో నేను న్యూయార్క్ వచ్చాను, మన్‌హాటన్‌లో ఆసుపత్రి ఉద్యోగం, రాత్రి డ్యూటీలు, జీతంలో చాలాభాగం ఇంటికి పంపేదాన్ని, మీ అమ్మ నర్సింగ్ ఫీజు అందులోదే. బ్రెడ్డూ అరటిపండూ తిని పడుకునేదాన్ని. మా వార్డులోనే పనిచేసే ఒక పెద్దావిడ, యూదురాలు, భర్త పోయినావిడ, మాట కటువు, అది గమనించి ఒక మధ్యాహ్నం నన్ను చెయ్యి పట్టుకుని సెకండ్ అవెన్యూ డెలీకి తీసుకెళ్ళింది. అప్పట్లో అది పదో వీధి మూల మీద ఉండేది. లోపల దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి, జనం బల్లల మీద మోచేతులు ఆనించి, నోళ్ళు పెద్దవి చేసుకుని, పళ్ళేల నిండా పెద్దకూర పెట్టుకుని తింటున్నారు, ఒకళ్ళ చెయ్యి కూడా అడ్డం లేదు. తలకు పాగా చుట్టిన టాక్సీ డ్రైవరూ టై కట్టిన దొరా ఒకే వరసలో నిలబడ్డారు. నా ముందుకొచ్చిన సాండ్‌విచ్ ఎలా పట్టుకోవాలో తెలియక చూస్తుంటే ఆవిడ దాన్ని రెండు చేసి, సగం నా పళ్ళెంలో పెట్టి, మిగతా సగం కాగితంలో చుట్టించి నా సంచిలో పెట్టింది, రాత్రి డ్యూటీకి. నోట్లో పెట్టుకోగానే ధనియాలు, మిరియాలు, పొగ. నేను ఏడ్చానని ఆవిడ తర్వాత వార్డంతా చెప్పింది గానీ, అది ఆవపిండి ఘాటు.

ఆ డెలీ యజమాని ఏబ్ లెబెవోల్ అని, యూరప్‌లో యుద్ధం నాటి కష్టాలన్నీ పడి శరణార్థిగా వచ్చినవాడు, కోనీ ఐలండ్‌లో ఒక డెలీలో కూలిపనితో మొదలుపెట్టి, 1954లో ఆ పదో వీధిలో చిన్న కొట్టు కొనుక్కుని, దాన్నే ఊరంతటికీ తెలిసే చోటుగా చేశాడు. ఆకలితో తలుపు తట్టినవాడికి డబ్బు అడక్కుండా పెట్టేవాడు. 1996 మార్చిలో, కొట్టు డబ్బులు బ్యాంకులో వేయడానికి వెళుతుంటే దొంగలు కాల్చి చంపారు, చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు. ఎదురుగా సెయింట్ మార్క్స్ చర్చి ముందున్న చిన్న పార్కుకు ఆయన పేరే పెట్టారు. కొట్టు 2006లో మూతపడి, మరుసటి ఏడాది ముప్పై మూడో వీధిలో మళ్ళీ తెరిచింది. అలాంటిదే ఇంకో కొట్టు, కార్నెగీ డెలీ, దాన్నయితే 2016 చివర్లో మూసేశారు. కాట్జ్ ఉందింకా, 1888 నాటిది, కోసేవాడు ముందు చిన్న పళ్ళెంలో ఒక ముక్క పెట్టి రుచి చూడమంటాడు. కాకపోతే అక్కడ ఒక సాండ్‌విచ్ ఇప్పుడు పాతిక డాలర్లు దాటిపోయింది, నీలాంటి విద్యార్థికి అది రెండు రోజుల తిండి. అందుకే నువ్వు కాస్ట్‌కోలో కొనడం నాకు బాగా నచ్చింది. కొన్నదాన్ని మర్యాదగా తినడమే నేర్చుకోవాలి.

ఇప్పుడు ఆ మిగతా సగం విను. ప్యాకెట్లోది ముందే ఉడికి, కోసి ఉన్నదే, నువ్వు చేయాల్సిందల్లా ఆవిరి పట్టడం. మైక్రోవేవ్‌లో పెట్టకు, అంచులు ఎండి కొవ్వు కారిపోయి తోలు మిగులుతుంది. ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్ళు మరగనిచ్చి, ముక్కల్ని సాఫీగా పరచకుండా వదులుగా, మడతలు మడతలుగా కుప్ప వేసి పెడితే, నాలుగైదు నిమిషాల్లో కొవ్వు మెరుస్తుంది, ముక్క వేళ్ళతో పట్టుకుంటే వంగుతుంది, అప్పుడు దించు. చివరి అర నిమిషం రొట్టెనూ పైన పెట్టు. రొట్టె రై రొట్టే కావాలి, జీలకర్రలా ఉండే కారవే గింజలు వేసినది, పుల్లటి వాసన ఉన్నది. తెల్ల బ్రెడ్డు ఆ తడికి రెండు కొరుకుళ్ళలో చిరిగిపోతుంది. రొట్టెకు గోధుమ రంగు మస్టర్డ్ పట్టించు, ఘాటుగా ఉండేది, కెచప్ జోలికి పోకు, మయొనైజ్ జోలికి అసలు పోకు. పక్కన ఉప్పునీళ్ళలో ఊరేసిన దోసకాయ. మాంసం పొదుపు చేస్తూ రెండు ముక్కలు పెడితే ఇంత కథా దండగ, తిన్న రోజు కుప్పగా పెట్టుకుని తిను, తినని రోజు అసలు ముట్టకు.

ఈ చివరి మాట పెద్దమ్మగా కాదు, నర్సుగా చెబుతున్నాను. తాతయ్యకు బీపీ, మీ నాన్నకు బీపీ, ఇది ఉప్పులో ఊరిన మాంసం. వెనకాల చీటీలో సోడియం ఎంతో చదువు, రోజు మొత్తానికి 2,300 మిల్లీగ్రాములు దాటకూడదు, ఒక్క నిండు సాండ్‌విచ్ అందులో చాలాభాగం మింగేస్తుంది. ఇలా నిలవ చేసిన మాంసాలు క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే తేల్చింది. కాబట్టి ఇది నెలకొకసారి పండగ, రోజూ తిండి కాదు. తెరిచిన ప్యాకెట్టు మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, జంటలో రెండోది కొన్న రోజే ఫ్రీజర్‌లో పెట్టెయ్, నెల రెండు నెలల్లో వాడెయ్. ఇంత ప్యాకెట్టు ఒక్కడికి ఎక్కువే అంటావా? నేను చెప్పబోయేదీ అదే.

మీ ఫ్లాట్‌లో ఒకబ్బాయి గుడ్డు కూడా ముట్టడన్నావు, ఇంకొకతను చికెన్ దాకానే అన్నావు. ఆ ఇడ్లీ పాత్ర ఆ గుడ్డు ముట్టని అబ్బాయిదైతే దాన్లో వండకు, ఎంత తోమినా వాళ్ళమ్మ ఇచ్చి పంపిన పాత్ర అది. నీకంటూ ఒకటి ఉంచుకో, ఫ్రిజ్‌లో నీ అర, నీ డబ్బా, వండేటప్పుడు కిటికీ తియ్యి, పొగ వాసన కర్టెన్లకు పడుతుంది. అంతవరకూ వాళ్ళ కోసం. ఇక నీ కోసం చేయాల్సింది ఒకటుంది: పగటిపూట, నలుగురూ ఉన్నప్పుడు, ఇది మా ఇంట్లో తినే కూరేరా అని మామూలుగా చెప్పు, బల్ల దగ్గర కూర్చుని తిను. ఎవరైనా అడిగితే బీఫ్ అని నోరారా చెప్పు, హాస్యానికైనా చికెన్ అని చెప్పి ఒకడి నోట్లో పెట్టావో, నా కొడుకువి కాదు నువ్వు. ఒకడు లేచి వెళ్ళిపోవచ్చు, వెళ్ళనీ, సాయంత్రానికి టీ పెట్టి పిలువు. తింటానన్నవాడికి నీకన్నా పెద్ద కుప్ప పెట్టు. ఆ గుడ్డు ముట్టని పిల్లవాడికి వేరే పెనం మీద పుట్టగొడుగులు మిరియాలూ ధనియాలూ జల్లి వేయించి, అదే రై రొట్టె, అదే మస్టర్డ్, పక్కన అదే దోసకాయ పెట్టివ్వు, మీరు తింటుంటే వాడొక్కడూ ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదు. మూడో తరగతిలో నీ రంగు పెన్సిళ్ళు విరిచి సగం పక్కవాడికిచ్చి, ఇంటికొచ్చి దెబ్బలు తిన్నవాడివి, నీకు నేను నేర్పాలా ఇది.

మార్చిలో సెయింట్ పాట్రిక్ పండగ ముందు ఊరేసిన పచ్చి కార్న్‌డ్ బీఫ్ కండ అంగళ్ళ నిండా వస్తుంది. అప్పుడు సెలవులకు ఇక్కడికి రా, మనమే చేద్దాం. ముందు రోజు రాత్రంతా నీళ్ళు మార్చి మార్చి ఉప్పు లాగించి, మిరియాలూ ధనియాలూ రోట్లో దంచి పట్టించి, పెరట్లో పొగ పెట్టి, తర్వాత ఆవిరికెక్కిస్తాను. మీ పెదనాన్నకు పొగ పెట్టే పని అప్పగిస్తే పొద్దుటి నుంచీ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంటాడు, ఇంట్లో నాకు శాంతి. కోసే పని నీది, పోగు వరసకు అడ్డంగా కోయాలి, నిలువుగా కోస్తే నారలు నారలుగా పళ్ళలో ఇరుక్కుంటుంది.

మా చర్చిలో ఒకావిడ కొడుకు వచ్చే శనివారం మీ డాలస్ వస్తున్నాడు, కొత్త ఉద్యోగం, అక్కడెవరూ తెలియదు. అతని చేత ఒక చిన్న స్టీలు ఇడ్లీ పాత్ర, మునగాకు పొడి, రెండు బనియన్లు పంపిస్తున్నాను. ఎయిర్‌పోర్టుకు నువ్వే వెళ్ళు, సామాను అందుకుని అటునుంచి అటే పంపేయకు, ఇంటికి తీసుకొచ్చి భోజనం పెట్టి పంపు. పాస్ట్రమీ తింటాడో లేదో ముందే అడుగు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ