పొద్దుటి పూట మీది

దుమ్ముగూడెం,
26 ఏప్రిల్ 2026, ఆదివారం

చిట్టితల్లీ,

"శుక్రవారం మే డే, శని ఆదివారాలు కలిసొచ్చాయి, నలుగురం వస్తున్నాం. వాన పడి ట్రిప్పు పాడవదు కదా పెదనాన్నా?" అని నువ్వు పెట్టిన మెసేజీ నిన్న రాత్రి మీ పెద్దమ్మ చదివి వినిపించింది. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుందామనుకున్నాను, మనసొప్పలేదు. పొద్దున్నే కాగితం తీశాను. తపాలాలో వేస్తే సెలవులు అయిపోయాక అందుతుంది కాబట్టి ఫోటో తీయించి పంపుతున్నాను. పూర్తిగా చదువు. నీతో వచ్చే పిల్లలకీ చదివి వినిపించు.

వానా పడొచ్చు, ఎండా మాడ్చొచ్చు, ఒకే రోజున రెండూ జరగొచ్చు. రేపు భరణి కార్తె వస్తోంది. కార్తెలు సూర్యుడి నడకను పట్టి వస్తాయి, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చి ఆ తరవాతి పండుగలన్నీ వెనక్కి జరుగుతున్నా, కార్తెలు మాత్రం వాటి తేదీలకే వస్తాయి. మన రైతులు విత్తనం వేసేటప్పుడు కార్తెను చూసేది అందుకే. భరణి తరవాత కృత్తిక, ఆ తరవాత రోళ్లు పగిలే రోహిణి. నువ్వొచ్చే శుక్రవారం వైశాఖ పున్నమి. పంచాంగం లెక్కన ఇంకా వసంతమే. మన గోదావరి గట్టున వసంతం చివర ఇట్లా ఉంటుంది: తెల్లవారుజామున అడవి మీంచి చల్లగాలి, పది దాటితే వడగాడ్పు, నాలుగింటికి పడమట నల్లమబ్బు.

ఆ మబ్బు ఎందుకొస్తుందో తెలిస్తే నీకు భయం తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది. విదర్భ, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి పొడి వేడిగాలి దిగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమగాలి ఎక్కి వస్తుంది. ఈ రోజుల్లో ఆ రెండూ కలుసుకునే దారి తరచు మన నెత్తి మీదుగానే పోతుంది. వార్తల్లో ద్రోణి అంటారే, అది. పొద్దుటి నుంచి కాలిన నేల మీది గాలి పైకి లేస్తుంది. దానికి ఆ తేమ దొరికిందా, రెండు మూడు గంటల్లో పది కిలోమీటర్లకు పైగా ఎత్తున్న మేఘం తయారవుతుంది. క్యుములోనింబస్ అంటారు. ఈదురుగాలి, పిడుగు, రాళ్లవాన అన్నీ దాని కడుపులోంచి వచ్చేవే. ఒక గంట కురిసి కరిగిపోతుంది. మండలాఫీసు ఆవరణలోని రెయిన్‌గేజి దగ్గర ఇరవై రెండేళ్లు రోజూ ఉదయం 8.30కి నీళ్లు కొలిచి రాసినవాణ్ణి కదా, వేసవి పేజీలు నాకింకా గుర్తే. మా గేజిలో సున్నా ఉన్న రోజున పక్క మండలంలో చెట్లు కూలి రోడ్డు మూసుకుపోయేది.

కాబట్టి ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. ఎండ ఎంత ఉంటుందన్నది నాలుగైదు రోజుల ముందే బాగానే చెప్పగలరు. గాలివాన ఏ ఊరి మీద పడుతుందో ఎవరూ అంత ముందు చెప్పలేరు. "భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అక్కడక్కడా ఉరుములు మెరుపులు, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని పసుపు రంగు వేసి పెడతారు. పసుపంటే మెలకువగా ఉండు, నారింజ అంటే సిద్ధపడు, ఎరుపంటే కదలాలి. అసలు పనికొచ్చేది ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాతావరణ కేంద్రం వాళ్లు మూడు గంటల కోసం ఇచ్చే హెచ్చరిక. అది చూడు. పిడుగుల కోసం పుణె శాస్త్రవేత్తలు చేసిన దామిని యాప్ ఉంది, బయల్దేరే ముందే ఎక్కించుకో. అడవిలో సిగ్నల్ పోతుంది, అప్పుడు నీ కళ్లే దిక్కు. ఇంకో మాట, పాపికొండల బోటెక్కే పోచవరం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. అక్కడి హెచ్చరిక హైదరాబాద్ బులెటిన్‌లో వెతికితే దొరకదు. అమరావతి కేంద్రం ఇచ్చేది చూడాలి. గోదారి ఒక్కటే, మబ్బూ ఒక్కటే, కాగితాలు మాత్రం రెండు.

మీ నాన్న ఉరుము వినగానే కిటికీలు మూసి, పిల్లల్ని లోపలికి పిలుస్తాడు. మీరంతా నవ్వుతారు. ఎందుకో వాడు మీకెప్పుడూ చెప్పి ఉండడు. వాడు పదో తరగతిలో ఉండగా మేమిద్దరం సెలవుల్లో తునికాకు కోసేవాళ్లం, పుస్తకాల డబ్బుల కోసం. ఒక సాయంత్రం ఆకుమూటలు సైకిలు మీద వేసుకుని కల్లానికి వస్తున్నాం. గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు, ఉక్కపోత, పక్షి చప్పుడు కూడా లేదు. పడమట మబ్బు కాటుకలా ఉంది. చినుకులు మొదలైతే ఆకు తడుస్తుందని దారిలో పెద్ద ఇప్పచెట్టు కిందికి చేరాం. అక్కడ అప్పటికే మేకలు నిలబడి ఉన్నాయి. మేకలు కాసే కోయ ముసలాయన దూరంగా పల్లపు జాగాలో ఒంటరిగా కూర్చుని మమ్మల్ని చూసి అరుస్తున్నాడు, రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆకు వదిలి రమ్మంటున్నాడు. నాకు ఆకు మీద ఆశ. మీ నాన్న నా చొక్కా పట్టుకుని లాగాడు. ఇద్దరం పరిగెత్తి ఆయన దగ్గర గొంతుక్కూర్చున్నాం. ఆ తరవాత ఎంతసేపైందో చెప్పలేను, ఎక్కువసేపు మాత్రం కాదు. తెల్లటి వెలుగు, చప్పుడు. చెట్టు మొదలు దాకా చీలింది. ఏడు మేకలు పోయాయి. ఆ ముసలాయన ఏడుస్తూ ఒక్కొక్క మేక చెవీ తడిమి చూసుకోవడం నేను మరిచిపోలేదు. అడవిలో మబ్బు కమ్మితే ఒంటరి చెట్టు కిందికి పోకు. మెరుపు కనిపించాక ముప్ఫై లెక్కపెట్టేలోపు ఉరిమితే అది నీ దగ్గరికి వచ్చేసినట్టే. కారుంటే అద్దాలు మూసి కారులో కూర్చోండి. చివరి ఉరుము తరవాత అరగంట ఆగాకే కదలండి.

ఎండ సంగతి. బులెటిన్‌లో 43 అని ఉంటే అది గాలాడే తెల్లపెట్టెలో, నీడలో కొలిచిన వేడి. భద్రగిరి మెట్ల మీది రాయికీ పర్ణశాల దగ్గరి ఇసుకకూ ఆ అంకె వర్తించదు. తూర్పుగాలి తిరిగితే అంకె రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, నీకు మాత్రం చెమట ఆరక ఇంకా కష్టంగా ఉంటుంది. అంకె తగ్గిందని మోసపోకు. 2015 మే నెలలో ఖమ్మంలో 48 డిగ్రీలు నమోదైంది. ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పని మానుకోలేనివాళ్లు, ముసలివాళ్లు. మీలో ఎవరికైనా చెమట పట్టడం ఆగి, మాట తడబడితే తడిగుడ్డ కప్పి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నిమ్మకాయ నీళ్లతో సరిపెట్టుకోవద్దు.

నువ్వు రాసిన ప్రోగ్రాం చూశాను. శుక్రవారం మధ్యాహ్నం పర్ణశాల, శనివారం పాపికొండలు, ఆదివారం సాయంత్రం కిన్నెరసాని. ఇది హైదరాబాద్ గడియారం ప్రకారం వేసుకున్నది. నన్ను మార్చనివ్వు. రైలు మిమ్మల్ని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దింపుతుంది, అది కొత్తగూడెంలో ఉంది, అక్కడి నుంచి భద్రాచలం గుడికి నలభై కిలోమీటర్లు. శుక్రవారం తెల్లవారేసరికి భద్రాచలం చేరి, చల్లపూటే దర్శనం చేసుకోండి. మే డే కాబట్టి సింగరేణి కుటుంబాలకీ సెలవే, రద్దీ ఉంటుంది. పదికల్లా మన ఇంటికి వచ్చేయండి. పగలంతా పడుకోండి. శనివారం పాపికొండలకు వెళ్లకపోతే, ఆ పొద్దున ఆరింటికి పర్ణశాలకు నేనే తీసుకెళ్తాను. నదిలో నీళ్లు తగ్గి ఇసుకమేటలు బయటపడి ఉంటాయి, చూడ్డానికి మోకాలి లోతులా కనిపిస్తుంది. ఇసుక తవ్విన గుంతలు ఎక్కడున్నాయో పైకి తెలియదు. నేను చూపించిన చోట తప్ప దిగకండి. కిన్నెరసాని ఆదివారం ఉదయానికి మార్చుకోండి, జింకలు కూడా ఆ వేళకే బయట కనిపిస్తాయి.

పాపికొండల దగ్గర మాత్రం నేను గట్టిగా చెప్పాలి. పోయేటప్పుడు పొద్దుటి పూటే పోతారు, తిరిగొచ్చేది సాయంత్రం మబ్బు వేళకు. 2018 మే 15న దేవీపట్నం వైపు మంటూరు దగ్గర లాంచీ మునిగింది తెలుసు కదా. వరద లేదు, తుపాను లేదు. సాయంత్రం లేచిన ఈదురుగాలి. వాన లోపలికి కొట్టకుండా తలుపులు వేసుకున్నారు, బోటు ఒరిగాక లోపలివాళ్లు బయటికి రాలేకపోయారు. కొండల మధ్య నది ఇరుకైన చోట గాలి ఎటు నుంచి కొడుతుందో చెప్పలేం. ఆ రోజు హెచ్చరిక ఉంటే వెళ్లకండి. బోట్లు ఆపారంటే బతిమాలకండి. వెళ్తే లైఫ్ జాకెట్ వేసుకుని, తలుపు దగ్గర కూర్చోండి. నలుగురి టికెట్ల డబ్బు పోతే నేనిస్తాను.

ఇక "పాడవదు కదా" అన్నావే, ఆ మాట రాత్రంతా నా మనసులో తిరిగింది. నిన్ను తప్పుపట్టడం లేదు. మీరు వచ్చే రోజులకి మా చుట్టుపక్కల ఊళ్లలో తునికాకు కోత నడుస్తూ ఉంటుంది. కోయ ఆడవాళ్లు చీకటితో లేచి, జావ తాగి అడవికి పోయి, ఎండెక్కేలోపు తిరిగొచ్చి, నీడన కూర్చుని యాభై ఆకులకొక కట్ట కడతారు. ఆ కట్టలు కల్లంలో వరసగా పరిచి రోజుల తరబడి ఎండబెట్టాలి. సగం ఎండిన ఆకు మీద ఒక జల్లు పడితే నల్లమచ్చ పడుతుంది. రాళ్లవానైతే చెట్టు మీది ఆకుకే చిల్లులు. ఏడాదిలో చేతికి నగదు వచ్చే రోజులు వాళ్లకివే. సత్తుపల్లి వైపు మామిడికాయ, వైరా కింద కొనుగోలు కేంద్రాల్లో రాసులు పోసిన యాసంగి వడ్లు, కల్లాల్లో మిగిలిన మిర్చి, అన్నీ ఆకాశం కిందే ఉన్నాయి. నువ్వు చూసే పసుపు రంగు గుర్తునే వాళ్లూ చూస్తారు. పట్టాలు సరిపోతాయా అని లెక్కేసుకుంటారు. శుక్రవారం సాయంత్రం మబ్బు కమ్మితే మనింటి పక్క కల్లంలో కట్టలు ఎత్తడానికి మనుషులు చాలరు. నేనూ మీ పెద్దమ్మా ప్రతి ఏడూ పోతాం. మీరూ నలుగురున్నారు. ఉరుములు దగ్గరపడక ముందే, మబ్బు పడమట ఉండగానే చెయ్యాల్సిన పని అది. నేను కేకేస్తాను, వచ్చేయండి.

తెచ్చుకోవాల్సినవి: నూలు బట్టలు, టోపీ, ఓఆర్ఎస్ పొట్లాలు, చార్జింగ్ నిండుగా ఉన్న ఫోను. గొడుగు వద్దు, ఈదురుగాలికి నిలవదు. ముంజలు కొట్టించి కుండనీళ్లలో వేసి ఉంచుతాను. గురువారం రాత్రి రైలెక్కే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి, అప్పటికి వచ్చిన బులెటిన్ చూసి శుక్రవారం మాట చెప్తాను. శనివారం మాట శనివారం పొద్దున్నే వాకిట్లో నిలబడి, గాలి ఎటు తిరిగిందో చూసి చెప్తాను.

మీ నాన్నను అడుగు, ఆ ఇప్పచెట్టు గురించి. నేను రాశానని చెప్పు.

మీ పెదనాన్న