జ్ఞాపకమును అప్పజెప్పించుకొనుట

జ్ఞాపకమును పరీక్షించు పద్ధతి మనకు చిరపరిచితమైనదే. వీధిబడిలో పంతులుగారు ఎక్కములను, మదరసాలో ఉస్తాదు ఖుర్‌ఆన్ వాక్యములను విద్యార్థిచే అప్పజెప్పించుకొందురు. ఇంటి కంప్యూటరు జ్ఞాపకమును పరీక్షించుటయు ఇట్టిదే. ఆ విధానమును ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

మన కొండాపూరు ప్రదర్శనశాలలోని శాతవాహన నాణెములపై గుర్తులు శతాబ్దముల తరబడి మట్టిలో నిలిచినవి. కంప్యూటరు ర్యామ్‌లోని గుర్తు అంత స్థిరమైనది కాదు. అది సూక్ష్మమైన గడిలో దాచిన విద్యుదావేశము మాత్రమే. అది కారిపోవుచుండును గనుక యంత్రము ప్రతి గడిని సాధారణముగా 64 మిల్లీసెకండ్లకొకసారి మరల నింపవలెను. ఒక్కొక్క గడిలో 0 గాని 1 గాని యుండును. దానినే బిట్ అందురు. 8 గిగాబైట్ల ర్యామ్‌లో ఇట్టి గడులు దాదాపు 6,870 కోట్లు.

ఇన్నింటిలో ఒక్కటి చెడిన నేమి యని తలపరాదు. అంకెలను వ్రాయు ఆస్కీ సంకేతములో 5కును 1కిని భేదము ఒక్క బిట్ మాత్రమే. అది మారినచో 500 రూపాయల రుసుము 100గా కనబడును. 2003లో బెల్జియం ఎన్నికలలో బ్రస్సెల్స్ ప్రాంతమున ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అధికముగా నమోదైనవి. పన్నెండు రెండ్లను హెచ్చవేసిన ఆ సంఖ్యయే వచ్చును. కనుక ఒక బిట్ తిరగబడియుండునని నిపుణులు భావించిరి.

పరీక్షలో మొదట గడులన్నిటిలో 0 వ్రాసి చదువుదురు. పిదప 1 వ్రాసి చదువుదురు. ఒకే విలువ వద్ద బిగిసిన గడి ఇందు పట్టుబడును. కాని అందరికి ఒకే పాఠమిచ్చినచో, ఒకని బదులు మరియొకడు అప్పజెప్పినను గురువు కనుగొనలేడు. అందుచే ప్రతి స్థానమున దాని సంఖ్యనే వ్రాసి అడుగుదురు. ఒక గడిలో వ్రాయగా ప్రక్క గడి చెదరునేమో చూచుటకు మొదటినుండి చివరకును, చివరనుండి మొదటికిని నడతురు.

ఇందులకు 1994లో క్రిస్ బ్రేడీ రచించిన మెమ్‌టెస్ట్86 ప్రసిద్ధమైనది. దీనిని పెన్‌డ్రైవ్ నుండి, విండోస్ తెరువకముందే నడుపవలెను. విండోస్ ఆక్రమించిన గడులను చెరపి పరీక్షించుట సాధ్యము కాదు గదా! వేడిమిలో ఆవేశము త్వరగా కారును గనుక రాత్రియంతయు పలు ఆవృత్తులు నడుపుట మేలు. తప్పు కనబడినచో విద్యుత్తు ఆపి, ర్యామ్ స్టిక్కులను ఒక్కొక్కటిగా అదే స్లాటులో పరీక్షింపవలెను. తప్పు స్టిక్కు వెంట పోయినచో స్టిక్కు చెడినది. ఏ స్టిక్కు పెట్టినను అచ్చటనే కనబడినచో స్లాటును, మదర్‌బోర్డును శంకింపవలెను.

పటాన్‌చెరు కర్మాగారములలో శ్రమించి పిల్లలకు పాత కంప్యూటరు కొను తల్లిదండ్రులకు ఈ భేదము చిన్నది కాదు. ఒక్క స్టిక్కు మార్చిన సరిపోవు చోట యంత్రమునే పారవేయుట వారికి భారము. సొమ్ము చెల్లించుటకు ముందే పరీక్షించుట ఇంకను శ్రేయస్కరము.

అయినను ఒక హెచ్చరిక. బెల్జియం యంత్రమును మరల పరీక్షించినప్పుడు ఆ తప్పు కనబడలేదు. నేడు పాఠము చక్కగా అప్పజెప్పిన విద్యార్థి రేపు మరువవచ్చును. కావున పరీక్షలో నెగ్గిన యంత్రమందైనను విలువైన వ్రాతలకు వేరొకచోట ప్రతి యుంచుకొనుడు.