బయటి గోడకు కొత్త గిలాబు: ముందుగా వేసుకొనవలసిన లెక్క

పాఠ్యభాగము: లేవీయకాండము 14:33–48



చలికాలము మొదలు కాగానే నౌబాద్‌లోని మన ఇండ్లలో ఒక మాట తరచుగా వినబడును. "పడమటి గోడ చల్లగా కొడుతోంది, పిల్లల మంచము ఇటు జరపండి" అని. బీదరు పీఠభూమి సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి రాత్రులలో చలి బాగానే ఉండును. అయినను ఇంట్లో నాలుగు గోడలుండగా ఒక్క పడమటి గోడే ఎందుకు అంత చల్లబడుచున్నది? చలిగాలి ఒక్కటే కారణమైతే ఉత్తరపు గోడ కూడ అట్లే ఉండవలెను గదా!

కారణము మనము కట్టిన రాతిలో ఉన్నది. ఇక్కడి పాత ఇండ్లు చాలావరకు ఎర్రరాతి ఇండ్లు. కన్నడమువారు దీనిని జంబిట్టిగె అందురు, ఇంజనీర్లు లాటరైట్ అందురు. గనిలోనుండి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలినకొద్దీ గట్టిపడును. అయితే దాని నిండ సన్నని రంధ్రాలుండును గనుక నీటిని పీల్చుకొనును. నౌబాద్ కరేజ్ మనందరికి తెలిసినదే. బహమనీల కాలములో ఈ ఎర్రరాతిని తొలిచి నేలక్రింద నీటికాలువ నడిపిరి, అక్కడక్కడ బావులవంటి మార్గములు పైకి విడిచిరి. పైన పడిన వాన ఎర్రరాతిలోనుండి క్రిందికి దిగి, క్రిందనున్న గట్టి నల్లరాతి దగ్గర ఆగుట వలననే ఆ పని సాధ్యమైనది. ఊరికి త్రాగునీరిచ్చిన ఆ గుణమే మన గోడకు చెమ్మ తెచ్చుచున్నది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలివాన పడమటి గోడను కొట్టును. ఆ నీరు పూర్తిగా ఆరకముందే చలి వచ్చును. తడిసిన గోడలోనుండి ఇంటి వెచ్చదనము పొడిగోడకంటె త్వరగా బయటికి పోవును. మనము చలి అని చెప్పుకొనుచున్నది చాలవరకు వానాకాలపు నీరే.

అందుచేత బయటి గిలాబు మార్పించుట అందము కొరకు చేయు ఖర్చు కాదు. ఇంట్లో పసిబిడ్డలు, ఉబ్బసముగల పెద్దవారు ఉన్నచోట ఇది వాయిదా వేయదగిన ఖర్చు కూడ కాదు. అయితే తొందరపడి చేసిన ఖర్చు ఎట్లుండునో మా మధ్య ఒక కుటుంబము చూచినది. వారు ఒక వేసవిలో అప్పు తెచ్చి, పాత సున్నపు గిలాబు మీదనే గట్టి సిమెంటు గిలాబు వేయించి, పైన మెరిసే రంగు కొట్టించిరి. సంక్రాంతికి వచ్చినవారందరు ఇల్లు బాగున్నదనిరి. మరుసటి వర్షాకాలము గడిచేసరికి రంగు పొక్కులు లేచెను. వ్రేలితో తట్టితే గోడ డబడబమనెను. గీకించి చూడగా పిట్టగోడ దగ్గర పగిలిన నీటి తూము బయటపడెను. నీరు పైనుండి గోడలోకి దిగుచుండగా, బయట సిమెంటు దానిని ఆరనీయలేదు. అప్పు తీరలేదు, గోడ మాత్రము మళ్లీ మొదటికి వచ్చెను. ఈ సంగతి చెప్పుటకు వారు ఒప్పుకొనిరి, పేరు మాత్రము వద్దనిరి.

ఇప్పుడు పాఠ్యభాగము తెరువుడి. ఇంటి గోడమీద పచ్చగానో ఎర్రగానో చారలు లేచి, అవి పైపైన గాక లోతుగా కనబడినప్పుడు ఏమి చేయవలెనో అక్కడ వ్రాయబడియున్నది. యాజకుడు వెంటనే మేస్త్రీని పిలువలేదు. ముందు ఇల్లు ఖాళీ చేయించి చూచెను. ఏడు దినములు మూసియుంచి మళ్లీ చూచెను. వ్యాపించియుంటే ఆ రాళ్లు తీయించి, గోడ గీకించి, వేరే రాళ్లు పెట్టించి, అప్పుడు కొత్త అడుసు పూయించెను. పూత అన్నిటికంటె చివరిది. అది మళ్లీ బయటపడితే లోపము పూతలో లేదని తేలును. అక్కడ గీకినది లోపలి గోడ, మన ప్రస్తావన బయటి గోడను గూర్చినది. అయినను పని వరుస అదే, ఖర్చు వరుస కూడ అదే కావలెను.

కాబట్టి మొదటి రూపాయి గిలాబుకు కాదు, నీటి దారికి. ఒక మంచి వాన వెలిసిన తరువాత ఇంటి చుట్టు తిరుగుడి. పిట్టగోడ పైభాగము, తూములు, కిటికీ సజ్జల క్రింది అంచు, నేలకు అడుగెత్తు వరకు గోడ అడుగుభాగము, ఇవి చూడవలెను. సజ్జ క్రింది అంచున నీరు బొట్లుగా జారిపడుటకు గాడి లేకపోతే అది వెనుకకు గోడమీదికే ప్రాకును. ఒక రూపాయి బిళ్లతో గోడను తట్టుచు పోయి, డొల్లగా మ్రోగినచోట సుద్దతో గుర్తు పెట్టుడి. ఈ పనికి ఖర్చు లేదు, ఒక సాయంత్రము చాలును.

తరువాత కొలత. 25 అడుగుల వెడల్పు, 35 అడుగుల పొడవు గల ఇల్లు అనుకొందము. చుట్టుకొలత 120 అడుగులు. పిట్టగోడతో కలిపి 12 అడుగుల ఎత్తైతే 1,440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు కలిసి 145 చదరపు అడుగులుంటే అంతయు తీసివేయరాదు, వాటి అంచులకు పని ఉన్నది. సగము తీసివేసి 1,370 అనుకొనుడి. ఎర్రరాతి గోడకు రాతికంటె గట్టి గిలాబు పనికిరాదు. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నము, ఆరు పాళ్లు ఇసుక కలిపినది మేలు. అది కొంత ఊపిరి విడుచును. 20 మిల్లీమీటర్ల మందము, రెండు పొరలుగా వేసినయెడల పై కొలతకు సుమారు 17 బస్తాల సిమెంటు, అంతే కొలత సున్నము, 120 ఘనపుటడుగులకు పైగా ఇసుక పట్టును. గోడ ఎత్తుపల్లాలుగా ఉంటే ఇంకను పట్టును. ఈ లెక్క చేతిలో ఉన్నప్పుడు మేస్త్రీ ముప్పై బస్తాలు చెప్పితే ఎందుకని అడుగగలము.

ఇక డబ్బు. ధరలు ఊరూరికి, నెలనెలకు మారును గనుక ఇవి లెక్క నేర్చుకొనుటకు మాత్రమే. మీ మేస్త్రీ చెప్పిన ధర ఆ చోట వేసుకొనుడి. సామాను, కూలి, గోవ కలిపి గిలాబుకు చదరపు అడుగుకు 65 రూపాయలు, పాతది గీకి చెత్త ఎత్తివేయుటకు 12, ప్రైమరు, రంగు 20 అనుకొందము. మొత్తము 97. మన 1,370 అడుగులకు 1,32,890 రూపాయలు. చాలమంది ఇక్కడ ఆగి అప్పుకు బయలుదేరుదురు. ఆగకూడదు. గీకిన తరువాత కనబడు రాళ్లు, తూములు, పగుళ్ల కొరకు ఐదవ వంతు, అనగా 26,578 రూపాయలు వేరుగా పెట్టవలెను. అప్పుడు 1,59,468. ఆ ఐదవ వంతు ముందు చెప్పిన కుటుంబము చేతిలో ఉండియుంటే తూము అప్పుడే మారెడిది.

ఇంత సొమ్ము లేనివారు ఏమి చేయవలెను? నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షా అరవైవేలు తెస్తే నెలకు 3,200, ఏడాదికి 38,400 వడ్డీకే పోవును. అసలు అట్లే నిలిచియుండును. అదే ఇంట్లో పడమటి గోడ ఒక్కటే చూడుడి. 35 అడుగులు, 12 అడుగులు, 420 చదరపు అడుగులు. 97 చొప్పున 40,740, ఐదవ వంతు కలిపితే 48,888. ఏడాది వడ్డీకి ఇంకొక పదివేలకు కొంచెము పైగా కలిపితే వానకొట్టు గోడ పూర్తియగును! మన ఆడవారి చిట్టీలలో నెలకు రెండువేల ఐదువందల చొప్పున ఇరువదిమంది వేసుకొను చిట్టీ ఒకటి ఉంటే అది యాభైవేలది. అయితే మొదటి నెలలలోనే తగ్గించి పాడుకొంటే ఆ తగ్గింపు కూడ వడ్డీయే. చివరి నెలల వరకు ఓర్చుకొనువారికే అది గోడగా మారును. నాలుగు గోడలు ఒకే రంగులో లేవని బంధువులు అనవచ్చును. అననిండు.

మన పిల్లలు కొందరు కెనడా, అమెరికా దేశములలో స్థిరపడియున్నారు. అక్కడ చాల ఇండ్లు చెక్క చట్రముతో కట్టి, బయట చెక్క పలకలో, వినైల్ పలకలో తొడుగుదురు. దానిని సైడింగ్ అందురు. చలికి అవి ముడుచుకొనును, ఎండకు సాగును. అందుచేత వినైల్ పలకలకు మేకు బిగించకుండ కొంచెము వదులుగా కొట్టుదురు. పలక వెనుక నీటిని ఆపు ఒక పొర ఉండును. దాని లోపలికి నీరు దిగితే చెక్క కుళ్లును. పలక విప్పిన తరువాతనే కుళ్లు కనబడును గనుక అక్కడివారు కూడ కనబడని పనికి డబ్బు వేరుగా పెట్టుకొందురు. గోడలోని నీరు గడ్డకట్టి, దాదాపు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బి, ఇటుకను పగులగొట్టు బాధ వారికున్నది, మనకు లేదు.

బీదరు ఊరిలో మహమూద్ గవాన్ మదరసా చూచినవారు జ్ఞాపకము చేసికొనుడి. 1472లో పూర్తియైన ఆ కట్టడపు ముఖము నిండ రంగుల పలకలు తొడిగిరి. 1696లో మందుగుండు పేలి కొంత కూలెను. మిగిలిన పలకలు చాలవరకు కాలక్రమమున రాలిపోయెను. ఊడినచోట వట్టి గోడ కనబడుచున్నది. మంత్రి కట్టించిన గోడకైనను పైపొరను గూర్చిన చింత తప్పలేదు.

పనికి సమయము డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు. అప్పటికి గోడ కొంత ఆరియుండును. ఎండలు ముదిరిన తరువాత వేస్తే గిలాబు త్వరగా ఆరి చీలికలు పడును, పైగా తడుపుటకు నీళ్లు దొరకవు. కనీసము ఏడు దినములు ఉదయ సాయంత్రములు తడుపవలెను. ఆ నీటి ఖర్చు కూడ లెక్కలో వ్రాసికొనుడి, ట్యాంకరు తెప్పించువారు మరువరాదు. రంగుకు నాలుగు వారములు ఆగవలెను. పండుగ ముందున్నదని రంగు ముందుకు జరుపరాదు. ఈ యేడు పడమటి గోడ చేయించినవారు ఒక వర్షాకాలము గడువనిచ్చి, లోపలివైపు అరచేయి ఆనించి చూచి, పొడిగా ఉంటేనే దక్షిణపు గోడకు మేస్త్రీని పిలువవలెను.