సురభి కమలాబాయి

కడప జిల్లాలో సురభి అనే ఊరు ఉంది. 1885లో ఆ ఊళ్లో 'కీచక వధ' ఆడారు. సురభి నాటకాలకు అదే మొదలు. అప్పట్లో ఆడవేషం కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. సురభి వాళ్లు మాత్రం తమ ఇంటి ఆడవాళ్ల చేతనే వేషాలు కట్టించారు. నాటకాలాడే ఆడదంటే లోకానికి చులకన. అయినా వాళ్లు మానలేదు.

ఆ ఇంటి బిడ్డే కమలాబాయి. తల్లి నిండు చూలాలుగా నాటకం ఆడుతూ ఉందట. ఆట మధ్యలో నొప్పులు వచ్చాయి. రంగం మీదే కాన్పయిందని చెప్పుకుంటారు. ఆ పిల్ల పెరిగి కృష్ణుడి వేషం కూడా కట్టింది.

1932లో తెలుగులో తొలి మాటల సినిమా 'భక్త ప్రహ్లాద' వచ్చింది. బొంబాయిలో తీశారు. ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం కమలాబాయిదే. అప్పుడు ఒకరు పాడితే మరొకరు పెదవులు కదపడం లేదు. నటించేవాళ్లే పాడాలి. నాటకాల్లో పండిన గొంతు ఆమెకు అక్కరకొచ్చింది.

'పాతాళ భైరవి' చూశారా? 1951లో వచ్చింది. అందులో తోట రాముడి తల్లి ఈమే.