సెలోపెహాదు కుమార్తెలును, కొల్లేటి వరదయు

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 27:1-11, యెహోషువ 17:3-6, అపొస్తలుల కార్యములు 12:12-16



ఈ నెల పాఠమును నా తప్పిదముతోనే ఆరంభింపవలసియున్నది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలను ముంచిన సంగతి మీరెరుగుదురు. ఆ నీళ్లు తరువాత కొల్లేటికి దిగి వచ్చెను. మా గ్రామము కొల్లేటి అంచున ఉన్నది. వీధులలోనికి నీళ్లు వచ్చుచుండగా నేను సంఘ పెద్దలను దేవాలయములో కూర్చుండబెట్టి పనులు పంచితిని. మగపిల్లలను దోనెలమీద పంపితిని, ఆడపిల్లలను వంటకు నియమించితిని. ఇండ్ల జాబితాను మేము మగవారమే వ్రాసితిమి.

ఆ సాయంకాలము ఇంటర్ చదువుచున్న ఒక అమ్మాయి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, చివరి వరుసలోని మామ్మగారిని ఎవరును తీసికొని రాలేదు" అని చెప్పెను. "అబ్బాయిలు అన్ని ఇండ్లును చూచి వచ్చిరమ్మా, నీవు వంట చూచుకొనుము" అంటిని. తెల్లవారి వెళ్లి చూడగా ఆ ముసలమ్మ రాత్రంతయు మంచముమీద కూర్చుండియుండెను. నీళ్లు మంచపు పట్టెను తాకుచుండెను. ప్రభువు కృపవలన ఆమె బ్రతికెను గాని నా మనస్సాక్షి నన్ను విడువలేదు. ఆ అమ్మాయి దినదినము పాలు పోయుటకు ఆ యింటికి వెళ్లునది. ఆమెకు తెలిసినది మా జాబితాకు తెలియలేదు. ఆ తరువాతనే నేను ఈ వాక్యభాగములను క్రొత్త కన్నులతో చదివితిని.

1. మోషే తొందరపడి జవాబు చెప్పలేదు

మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రు ప్రత్యక్ష గుడారపు ద్వారమునొద్దకు వచ్చి మోషే యెదుటను, యాజకుని యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచిరి. వారి తండ్రి అరణ్యములో చనిపోయెను, కుమారులు లేరు. తమ తండ్రి సహోదరులతోపాటు తమకును భూమిలో పాలు కావలెనని వారడిగిరి. అది భిక్ష కాదు, న్యాయము. వాడుక ప్రకారము మోషే వారిని పంపివేయగలిగియుండెను. అతడట్లు చేయక వారి సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. దేవుడు వారి మాట న్యాయమైనదని సెలవిచ్చెను, అది ఇశ్రాయేలు అంతటికిని కట్టడ యాయెను.

అయితే కథ అక్కడ ముగియలేదు. మోషే మృతినొందిన తరువాత భూమిని పంచు దినములలో ఆ కుమార్తెలు మరల యెహోషువ యొద్దకు వెళ్లి, దేవుని ఆజ్ఞను జ్ఞాపకము చేయవలసివచ్చెను. అప్పుడు గాని వారికి పాలు రాలేదు. కట్టడ వ్రాయబడుట ఒకటి, భూమి చేతికి వచ్చుట వేరొకటి.

మన దేశములోను ఇదియే జరుగుచున్నది. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము వీలునామా లేని తండ్రి ఆస్తిలో కుమారునికిని కుమార్తెకును భేదము చేయలేదు. హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పాలునిచ్చు చట్టమును ఆంధ్ర రాష్ట్రము 1986లోనే చేసెను, 2005లో అది దేశమంతటికిని వచ్చెను. అయినను "కట్నమిచ్చితిమి గదా" అని చెల్లెలిచేత సంతకము పెట్టించుకొను అన్నలు మన సంఘములలో లేరా?

2. కొల్లేరు మనకు చెప్పుచున్న సంగతి

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ దేవుడు కొల్లేటిని ఒక పెద్ద పళ్లెమువలె ఉంచెను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దీనిలోనికి దిగును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. వరదను పట్టి ఉంచి మెల్లగా విడుచుట ఈ సరస్సుయొక్క పని. చేపల చెరువుల గట్లు పెరిగినకొలది పళ్లెము చిన్నదాయెను. 1999లో ప్రభుత్వము అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద ఇది ప్రపంచ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను. 2006లో లోపలి చెరువుల గట్లు తెగగొట్టబడెను గాని, తరువాత అనేక చోట్ల మరల లేచెను. మనలో అనేకులు ఆ చెరువుల పనివలననే అన్నము తినుచున్నారు గనుక నేను ఎవరిమీదను రాయి వేయుట లేదు. పళ్లెము చిన్నదైనప్పుడు నీళ్లు ఇండ్లలోనికి వచ్చునని మాత్రము చెప్పుచున్నాను.

ఇంతలో వాతావరణము కూడ మారుచున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినయెడల సుమారు 7 శాతము అధికముగా నీటి ఆవిరిని పట్టుకొనగలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావుననే కురిసినప్పుడు కుండపోతగా కురియుచున్నది. సముద్రమట్టము పెరిగినకొలది ఉప్పుటేరు గుండ ఉప్పునీరు పైకి ఎక్కివచ్చు భయము హెచ్చుచున్నది.

3. భారము మోయువారు, మాటలాడువారు

నీళ్లు చెడినప్పుడు బిందె మోయునది ఎవరు? లంక గ్రామములలో త్రాగునీటికై నడచునది స్త్రీలే. చేపల గంప ఎత్తునదియు వారే, వరద తీసిన తరువాత బురద కడుగునదియు వారే. కౌలుచేనిలో సగము పని ఆమెది, పట్టాలో ఆమె పేరు ఉండదు, గనుక నష్టపరిహారము ఆమె చేతికి అందుట దుర్లభము. అయితే గట్టునుగూర్చి, కాలువనుగూర్చి, పడవనుగూర్చి మాటలాడునప్పుడు బల్లచుట్టు మగవారమే యుందుము.

ఇది ప్రాణములకు సంబంధించిన సంగతి. 1991లో బంగ్లాదేశమునకు వచ్చిన తుపానులో లక్షకు పైగా జనులు చనిపోయిరి, వారిలో స్త్రీలే అధికులు. హెచ్చరిక మగవారికి అందినట్లు ఇంటిలోనివారికి అందలేదు. భర్త అనుమతికై కొందరు కనిపెట్టిరి, బిడ్డలను విడువలేక కొందరు నిలిచిపోయిరి. ఆ దేశము పాఠము నేర్చుకొని తుపాను హెచ్చరిక సేవలో స్త్రీలను విస్తారముగా చేర్చెను. నేడు ఆ సేవకులలో సుమారు సగము మంది స్త్రీలు. తలుపు లోపలనున్న స్త్రీతో మాటలాడుటకు మరియొక స్త్రీయే కావలెనని వారు గ్రహించిరి.

4. రొదే మాటను త్రోసివేసిన ప్రార్థన కూటము

పేతురు చెరసాలనుండి విడుదలై వచ్చి తలుపు తట్టినప్పుడు మొదట గుర్తుపట్టినది రొదే అను చిన్నది. లోపలివారు అతనికొరకే ప్రార్థించుచుండిరి, అయినను ఆమె చెప్పగా వెఱ్ఱిదానవనిరి. ఆమె మాట నిజము, వారి ప్రార్థన నిజము, కాని చిన్నదాని నోట వచ్చిన జవాబును వారు నమ్మలేకపోయిరి. ఆ రాత్రి మా దేవాలయములో జరిగినది ఇదియే గదా!

నేడు మన పిల్లలు ఏలూరు కళాశాలలలోను, తాడేపల్లిగూడెములో 2015లో స్థాపింపబడిన నిట్‌లోను, వెంకటరామన్నగూడెపు ఉద్యాన విశ్వవిద్యాలయములోను చదువుచున్నారు. వానలెక్క, నేలతీరు వారెరుగుదురు. వారు సెలవులకు వచ్చినప్పుడు మనము వారిచేత కుర్చీలు వేయించుచున్నాము, సలహా అడుగుట లేదు. రాబోవు నలువది సంవత్సరముల వరదలను చూడవలసినది మనము కాదు, వారే.

5. మన సంఘములలో చేయదగినవి

మా సంఘములో మేము తీర్మానించుకొన్నవాటిని వినయముతో వ్రాయుచున్నాను.

మొదటిది, వరద సంఘములో సగము మంది స్త్రీలు, కనీసము ఇద్దరు ఇరువది అయిదేండ్ల లోపువారు ఉండవలెను. కూటము స్త్రీలకు తీరికయైన వేళను జరుగవలెను.

రెండవది, ఇండ్ల జాబితాను స్త్రీల సమాజము వ్రాయవలెను. గర్భిణులు, మంచము పట్టినవారు, ఒంటరివారు ఎవరో వారికే తెలియును.

మూడవది, కాలువ యొద్ద గుర్తులు వేసిన స్తంభము నాటి, వానకాలమందు యౌవనులు దినదినము నీటిమట్టమును పుస్తకములో వ్రాయవలెను. మా పుస్తకము ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలోనే ఉన్నది.

నాలుగవది, ఆడపిల్లలకును ఈతయు దోనె నడుపుటయు నేర్పవలెను.

అయిదవది, గ్రామసభకు మన స్త్రీలు వెళ్లి మాటలాడవలెను. 1992 నాటి రాజ్యాంగ సవరణ పంచాయతీలలో స్త్రీలకు మూడవ వంతు స్థానములిచ్చెను, మన రాష్ట్రములో అది తరువాత సగమాయెను. కుర్చీ ఆమెదై మాట భర్తదైనయెడల, యెహోషువ దినములవలె మరల అడుగవలసియున్నది.

నాటి బైబిలు స్త్రీలు చేత సంచి పట్టుకొని పల్లెపల్లె తిరుగకపోయినయెడల మన అవ్వలలో ఎందరు వాక్యము వినియుందురు? స్త్రీ నోట సువార్తను అంగీకరించిన సంఘము, స్త్రీ నోట హెచ్చరికను త్రోసివేయవచ్చునా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఆ అయిదుగురు కుమార్తెలు మన సంఘ పెద్దల యెదుటకు వచ్చినయెడల మనమేమి చెప్పుదుము?
2. గడచిన వరదలో మీ ఊరిలో ఎవరి మాట వినబడలేదు?
3. మీ కుటుంబములో కుమార్తెకు రావలసిన పాలు వచ్చినదా?

ప్రార్థన

సృష్టికర్తవగు తండ్రీ, నీళ్లకు మేర నియమించినవాడవు నీవే. మా తలుపునొద్ద చిన్నవారు తట్టి చెప్పు మాటను వినగల చెవులను మాకు దయచేయుము. మోషేవలె ఆగి నీ యొద్ద విచారించు మనస్సును పెద్దలకును, ఆ కుమార్తెలవలె నిలిచి అడుగు ధైర్యమును మా బిడ్డలకును అనుగ్రహింపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.