చేతికి వచ్చిన చదువు

విద్య యనగా పుస్తకపఠన మొక్కటియే యని పలువురు తలంతురు. చదువుట, వ్రాయుట, లెక్కించుట విద్యకు ముఖ్యాంగములే. కాని కన్ను చూడ నేర్వవలెను; చేయి పనిచేయ నేర్వవలెను. ఈ రెండును నేర్పని చదువు సగము చదువే. ఉన్నత పాఠశాలలలో చిత్రలేఖనమును, చేతిపనిని బోధించుటకు కారణ మిదియే.

మంచిర్యాలకు సమీపముననున్న నస్పూరు ప్రాంతము బొగ్గుగనులకు నెలవు. గని కార్మికుల కుటుంబము లెన్నో అచట నివసించుచున్నవి. అట్టి యూరి బాలునకు చిత్రలేఖనముతో నేమి పని యని కొంద రడుగవచ్చును. భూగర్భమున గని త్రవ్వుటకు పటమే ఆధారము. ఏ దారి యెటు పోవుచున్నది, పైకప్పును నిలుపుటకు బొగ్గుస్తంభము లెచట విడువవలెను, నీరు నిండిన పాతగని యెంత దూరమున నున్నది—ఇవన్నియు ఆ పటమునందు కొలత ప్రకారము చూపబడును. గీత తప్పినచో పాతగనిలోని నీరు క్రొత్తగనిలోనికి చొచ్చుకొని రావచ్చును. మనుష్యుల ప్రాణములే పోవచ్చును. సరిగా చూచి సరిగా గీయుట వినోదము మాత్రమే కాదు.

కళ, చేతిపని, రూపకల్పన అను మూడు మాటలకు భేదము కలదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్ పట్టణపు బొమ్మలను చూచినచో అది తెలియును. అచటి నకాషీలు పొనికి అను మెత్తని, తేలికయైన కర్రను చెక్కి బొమ్మలు చేయుదురు. భాగములను వేరువేరుగా చెక్కి, రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపిన ముద్దతో అతుకుదురు. అతుకులు కనబడకుండ నునుపు చేసి, తెల్లసుద్ద పూసి, ఆరిన పిదప రంగులు వేయుదురు. బొమ్మ యెట్లుండవలెనో ముందుగా మనసున నిలుపుకొనుట రూపకల్పన. చెక్కి అతుకుట చేతిపని. కొయ్యపండును చూచినవాడు నిజమైన పండని భ్రమించునట్లు రంగు దిద్దుట కళ. మూడును కూడినప్పుడే బొమ్మకు జీవము వచ్చును.

కరీంనగరపు వెండి తీగపని మరియొక అద్భుతము. వెండిని సన్నని తీగగా సాగదీసి, రెండేసి తీగలను మెలిపెట్టి, ఆకులుగను, లతలుగను వంచి, మందపు తీగల చట్రములో నమర్చి అతుకుదురు. గణితములో చదివిన వృత్తమును, సమభాగమును విద్యార్థి ఇచట కన్నులార చూడగలడు. ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది.

జైనూరు ప్రాంతపు ఉషెగాం గ్రామములో ఓజులు ఇత్తడి ప్రతిమలను పోతపోయుదురు. మట్టిముద్దపై మైనపు తీగలతో రూపము తీర్చి, పైన మరల మట్టి కప్పి కాల్చెదరు. మైనము కరగిపోయిన చోట కరగిన ఇత్తడి నిండును. చల్లారిన పిదప అచ్చును పగులగొట్టవలెను. కావున ఒక అచ్చునకు ఒకే ప్రతిమ. అచ్చముగా దానివంటిది మరియొకటి పుట్టదు. పదార్థములు కరగుట, గడ్డకట్టుట అను విజ్ఞానపాఠ మిందు ఇమిడియున్నది. ఆదిలాబాదు డోక్రా పేరిట దీనికి 2018లో భౌగోళిక గుర్తింపు కలిగినది.

చదువును చేతిపనితో జోడింపవలెనని గాంధీమహాత్ముడు 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో ప్రతిపాదించెను. ఆ పథకమును రూపొందించిన సంఘమునకు హైదరాబాదులో జన్మించిన జాకిర్ హుసేన్ అధ్యక్షుడు. 1952–53లో పనిచేసిన మొదలియారు సంఘము ఉన్నత పాఠశాల విద్యార్థి ప్రతివాడును ఒక చేతిపని నేర్వవలెనని చెప్పినది. లలితకళలను ఒక ప్రత్యేక పాఠ్యవిభాగముగ నుంచినది. సంఘములు చెప్పినది మంచిమాటయే. అయినను పరీక్షలు సమీపించినచో ముందుగా ఇతర పాఠములకు బలియగునది చిత్రలేఖనపు గంటయే.

ఇందువలన కలుగు నష్టము చిన్నది కాదు. ఈ పనుల మెలకువలు తండ్రి చేతినుండి బిడ్డ చేతికి వచ్చినవే కాని గ్రంథములలో పూర్తిగ వ్రాయబడినవి కావు. అడవులలో పొనికిచెట్లు తగ్గినవి. రాబడి చాలక పనివారి పిల్లలు ఇతర వృత్తులకు పోవుచున్నారు. వారిని నిందించుట న్యాయము కాదు. కాని ఒక్క తరము నేర్వకున్నచో తరువాతి తరమునకు నేర్పువా రుండరు. వస్తువు పోయినచో మరల చేయవచ్చును. చేయు నేర్పు పోయినచో తిరిగి తెచ్చుట కష్టము.

పల్లెటూరు ప్రతిభకు అడ్డు కాదు. కరీంనగరు జిల్లా అన్నవరములో 1915లో జన్మించిన పాకాల తిరుమలరెడ్డి బొంబాయి జె.జె. కళాశాలలో చదివి పేరొందిన చిత్రకారు డయ్యెను. ఆ జిల్లాలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం తన యూరి స్త్రీల రూపములనే చిత్రించి దేశమంతట ఖ్యాతి గాంచెను.

అందరును చిత్రకారులు కానక్కరలేదు. గని పటము గీయువాడు, ఇల్లు కట్టువాడు, బట్ట నేయువాడు, యంత్రమును బాగుచేయువాడు—వీరందరికిని చూచు కన్నును, ఓపికగల చేయియు కావలెను. చేతితో పని చేసినవాడు ఇతరుల శ్రమకు విలువ నెరుగును. ఆ విలువ నెరిగినవాడే నిజముగా చదువుకొన్నవాడు.

ప్రశ్నలు
1. గని పటము సరిగా లేనిచో కలుగు అపాయమేమి?
2. నిర్మల్ బొమ్మ ఆధారముగా కళ, చేతిపని, రూపకల్పనల భేదమును వివరింపుడు.
3. మీ యూరి చేతిపని నొకదానిని చూచివచ్చి, అది చేయు విధమును వ్రాసి, పటము గీయుడు.